బిడ్డను తీసుకెళ్లడానికి డబ్బుంటుంది, తల్లి దగ్గర ఉంచడానికి ఉండదా?

2020లో కరోనా మొదలైనప్పుడు దేశంలోని బాలల సంరక్షణ కేంద్రాల్లో సుమారు 2.27 లక్షల మంది పిల్లలున్నారు. కొన్ని నెలల్లోనే వాళ్లలో సుమారు 1.45 లక్షల మందిని తల్లిదండ్రుల దగ్గరికో, సంరక్షకుల దగ్గరికో పంపించేశారు. ఆ ఏడాది డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్క ఇది. కరోనా రోజుల వందల వార్తల్లో ఇదీ ఒకటిగా వచ్చి పోయింది. కానీ ఈ లెక్కలో ప్రభుత్వం తనకు తెలియకుండానే ఒక నిజం ఒప్పుకుంది. ఆ కేంద్రాల్లోని ప్రతి పదిమంది పిల్లల్లో ఆరుగురికి పైగా వెళ్లడానికి ఒక ఇల్లుంది, తలుపు తీసే ఒక మనిషి ఉంది. మరి ఇన్నేళ్లూ వాళ్లను అనాథలని ఎందుకు పిలిచాం?

అదే ఏడాది సెప్టెంబర్‌లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఎనిమిది రాష్ట్రాలకు లేఖ రాసింది. వాటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. దేశంలో సంరక్షణ కేంద్రాల్లో ఉన్న పిల్లల్లో 70 శాతానికి పైగా ఈ ఎనిమిది రాష్ట్రాల్లోనే ఉన్నారని, వాళ్లను 100 రోజుల్లో కుటుంబాలకు చేర్చాలని ఆ లేఖ సారాంశం. పేదరికం కారణంగా ఏ బిడ్డా తల్లిదండ్రులకు దూరంగా పెరగకూడదన్న మాటతో నాకు పేచీ లేదు. నా పేచీ ఆ 100 రోజులతో. ఏ కరువు ఆ బిడ్డను ఇల్లు దాటించిందో ఆ కరువును అలాగే ఉంచి బిడ్డను మాత్రం వెనక్కి పంపితే, ఆ బిడ్డ మళ్లీ ఏ పత్తి చేనుకో, ఏ ఇటుక బట్టీకో పోతుంది. ఇంటికి చేరిన పిల్లల చదువు కోసం నెలకు 2,000 రూపాయలు ఇవ్వాలని డిసెంబర్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. ఆ సాయం ముందు అంది ఉంటే వాళ్లలో ఎంతమంది అసలు ఇల్లు వదిలేవాళ్లు?

నా వాదన ఒక్క మాటలో ఇది. కులం తయారుచేసిన పేదరికాన్ని మన బాలల సంక్షేమ వ్యవస్థ తల్లిదండ్రుల అసమర్థతగా చదువుతోంది. అందుకే ఖర్చు ముందు భవనానికి, ఆఖరున కుటుంబానికి చేరుతోంది. ఈ వరుస తిరగబడాలి. మొదట కన్నతల్లికి, తర్వాత బంధువులకు, ఆ తర్వాత ఫోస్టర్ కుటుంబానికి, ఏ దారీ లేనప్పుడే ఆశ్రమానికి.

పిల్లల్ని వాళ్ల మంచి కోసమే వేరు చేస్తున్నామనే మాట మన సమాజాలకు కొత్త కాదు. 1871 నేరస్థ తెగల చట్టానికి 1897లో చేసిన సవరణ, నాలుగేళ్లు దాటిన పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి సంస్కరణ కేంద్రాల్లో పెట్టే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. నేటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో సెటిల్‌మెంట్‌గా కట్టిపడేసింది ఆ చట్టాల కాలమే. పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన చట్టం, ఆ ముద్రను పోగొట్టే మందు తల్లి నుంచి బిడ్డను విడదీయడమే అని నమ్మింది. తల్లి ఒడిని రోగంగా, సంస్థను వైద్యంగా చూసే ఆ దృష్టి 1952లో ఆ చట్టం రద్దుతో పూర్తిగా పోలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లోనూ 2001లోనూ బయటపడిన దత్తత కుంభకోణాలు ఇందుకు సాక్ష్యం. నల్గొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు తండాల నుంచి లంబాడా ఆడపిల్లలు దళారుల చేతుల మీదుగా దత్తత ఏజెన్సీలకు, అక్కడి నుంచి విదేశాలకు చేరుతున్న సంగతి అప్పుడు లోకానికి తెలిసింది. పత్రికలు కన్నబిడ్డల్ని అమ్ముకున్న తల్లుల కథలు రాశాయి. ఆ తల్లి చేతికి వచ్చింది కొద్ది మొత్తం, విదేశీ దత్తత మీద చేతులు మారింది దానికి ఎన్నో రెట్లు. తండాలో బిడ్డను పెంచుకోవడానికి సాయం చేసే పథకం లేదు, బిడ్డను వదులుకుంటే మాత్రం డబ్బు ఇచ్చే మార్కెట్ ఉంది. పేదరికం వల్లనో, ఆడపిల్ల అన్న కారణంతోనో బిడ్డను వదులుకోవడాన్ని 2001లో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. నిషేధం అవసరమే. కానీ వదులుకోవద్దని చెప్పిన ప్రభుత్వం, పెంచుకోవడానికి ఇదిగో ఇది తీసుకో అని ఆ తల్లికి చెప్పలేదు.

నేటి చట్టం కాగితం మీద మెరుగ్గానే ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం మూడో సెక్షన్, బిడ్డ సంరక్షణలో మొదటి బాధ్యత కన్న కుటుంబానిదని, సంస్థలో పెట్టడం ఆఖరి మార్గమని చెబుతుంది. 44వ సెక్షన్ ఫోస్టర్ కేర్ గురించి, 45వ సెక్షన్ స్పాన్సర్‌షిప్ గురించి, 46వ సెక్షన్ 18 ఏళ్లు నిండి బయటికి వచ్చే యువతకు ఇవ్వాల్సిన సాయం గురించి. ఆర్థిక పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను కుటుంబం నుంచి వేరు చేయకూడదని ఐక్యరాజ్యసమితి 2009 నాటి ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. అయినా 35వ సెక్షన్ కింద బిడ్డను అప్పగించడానికి వచ్చిన తల్లికి కౌన్సెలింగ్, ఆలోచించుకోవడానికి రెండు నెలల గడువు మాత్రమే ఉన్నాయి. నెలనెలా సాయం చేసి చూసి, అప్పటికీ ఆమె వల్ల కాకపోతేనే అప్పగింత తీసుకోవాలన్న షరతు ఆ సెక్షన్‌లో లేదు. ఆకలి మీద ఉన్న మనిషికి సలహా ఇచ్చి పంపడమంటే ఇదే.

ఇప్పుడు స్పాన్సర్‌షిప్ సంగతి చూద్దాం. 2022 మార్గదర్శకాలతో వచ్చిన మిషన్ వాత్సల్య కింద అర్హుడైన బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇవ్వాలి. అంతకుముందు ఇది 2,000 ఉండేది. పెంపు మంచిదే. కానీ కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో 72,000, ఇతర ప్రాంతాల్లో 96,000 దాటకూడదు. 2024-25లో రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ రోజు కూలీ 300 రూపాయలు. ఒక ఒంటరి తల్లికి ఆ రేటున ఏడాదిలో 240 రోజులు ఏదో ఒక పని దొరికితే సరిగ్గా 72,000 అవుతుంది. 241వ రోజు ఆమె పనికి పోతే లెక్క ప్రకారం ఆమె బిడ్డకు అర్హత పోయినట్టే. బిడ్డ కడుపు నింపాలంటే తల్లి పని మానుకోవాలనే ఈ గీతను గీసినవాళ్లు కూలి బతుకును ఎన్నడూ లెక్కేసి చూసి ఉండరు.

అర్హుల జాబితా కూడా చూడండి. భర్త చనిపోయిన, వదిలేసిన లేదా విడాకులైన తల్లి పిల్లలు, బంధువుల దగ్గర ఉంటున్న అనాథలు, ప్రాణాంతక వ్యాధితోనో వైకల్యంతోనో పనిచేయలేని తల్లిదండ్రుల పిల్లలు, బాలకార్మికులు, అక్రమ రవాణాకో బాల్యవివాహానికో గురైన పిల్లలు వంటివారు అందులో ఉన్నారు. వీళ్లందరికీ సాయం అందాల్సిందే. కానీ తల్లిదండ్రులిద్దరూ బతికుండి, ఆరోగ్యంగా ఉండి, సెంటు భూమి లేక ప్రతి ఏటా వలసపోయే మాదిగ కుటుంబమో, వడ్డెర కుటుంబమో ఈ జాబితాలో సూటిగా కనబడదు. ఆ కుటుంబంలోని బిడ్డ బడి మానేసి పనిలో చేరితే అప్పుడు 'సంరక్షణ అవసరమైన బిడ్డ' అవుతుంది. గాయం అయ్యాకే మందు ఇస్తామనే విధానం ఇది.

మన వాడల్లో, తండాల్లో అసలు ఫోస్టర్ కేర్ చేస్తున్నది ఎవరో మనకు తెలుసు. అమ్మమ్మలు, నాయనమ్మలు, మేనత్తలు, పెద్దమ్మలు. తల్లి ఊరు దాటి పనికి పోతే, తండ్రి చనిపోతే, ఏ ఆర్డరూ లేకుండా, ఏ కమిటీ ముందూ హాజరు కాకుండా బిడ్డను దగ్గరికి తీసుకునేది వాళ్లే. దీనికి పేరు లేదు, జీతం లేదు, లెక్క లేదు. ఆ ముసలమ్మ స్పాన్సర్‌షిప్ కోసం దరఖాస్తు చేయాలంటే మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, బిడ్డ పేరున బ్యాంకు ఖాతా, ఆపైన జిల్లా స్థాయి ఆమోదం కావాలి. కొడుకు పరాయి రాష్ట్రంలో పనిచేస్తూ చనిపోతే మరణ ధ్రువపత్రం అక్కడి మున్సిపాలిటీ నుంచి తెచ్చుకోవాలి. ప్రతి కాగితం ఒక రోజు కూలి. పింఛను సంగతి సరేసరి. కేంద్రం ఇచ్చే వితంతు పింఛను నెలకు 300 రూపాయలు, అదీ 40 ఏళ్లు నిండితేనే. చిన్నపిల్లల్ని పెంచాల్సిన వయసులో భర్తను పోగొట్టుకున్న పాతికేళ్ల స్త్రీకి కేంద్రం లెక్కలో చోటే లేదు.

డబ్బు లేదనే మాటను నేను నమ్మను. కరోనాతో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లలకు 2021లో పీఎం కేర్స్ కింద 23 ఏళ్ల వయసుకు 10 లక్షల నిధి, చదువు, ఆరోగ్య బీమా ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా అలాంటి పిల్లల పేరున 10 లక్షల డిపాజిట్ చేసింది. ఆ పిల్లలకు అది న్యాయం. అయితే సెప్టిక్ ట్యాంకులో ఊపిరాడక చనిపోయిన పారిశుద్ధ్య కార్మికుడి బిడ్డ సంగతేమిటి? మురుగు మరణాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పరిహారం కోసం తల్లి ఆఫీసుల చుట్టూ తిరిగే నెలల్లో ఆ పిల్లల తిండి, ఫీజులు ఎవరు చూస్తారు? వైరస్ అన్ని కులాల ఇళ్లలోకీ వచ్చింది కాబట్టి ప్రభుత్వం వేగంగా కదిలింది. మ్యాన్‌హోల్ ఒకే కులాల ఇళ్లను వెతుక్కుంటూ వస్తుంది కాబట్టి ఫైలు నిదానంగా నడుస్తుంది.

ఇక ఫోస్టర్ కేర్ గురించి. కన్న కుటుంబంలో ఉండటం సాధ్యం కాని బిడ్డను కొంతకాలం మరో కుటుంబంలో పెంచడం ఇది. దత్తతలా శాశ్వతంగా బంధం మార్చదు. వందమంది మధ్య ఒక నంబరుగా పెరగడం కన్నా నలుగురి ఇంట్లో పెరగడం బిడ్డకు మేలు కనుక దీన్ని విస్తరించాలనే నేను కోరుతున్నాను. 2024లో కేంద్రం విడుదల చేసిన నమూనా మార్గదర్శకాలు పెళ్లికాని, విడిగా ఉంటున్న, ఒంటరి వ్యక్తులకు కూడా ఫోస్టర్ తల్లిదండ్రులయ్యే అవకాశమిచ్చాయి. ఫోస్టర్ కుటుంబం బిడ్డను దత్తత కోరే గడువును ఐదేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించాయి. మొదటి మార్పు మంచిది. రెండో మార్పు దగ్గర మనం కళ్లు తెరిచి ఉండాలి. జైల్లోనో, ఆసుపత్రిలోనో, బట్టీ అప్పులోనో చిక్కుకున్న తల్లికి తేరుకోవడానికి రెండేళ్లు సరిపోకపోవచ్చు. ఆమె ఆచూకీ నిజంగా వెతికారా, ఆమెకు సాయం అందించి చూశారా అన్న ప్రశ్నలకు రాతపూర్వక జవాబు లేకుండా ఏ బిడ్డా చేతులు మారకూడదు.

ఇంకో ప్రశ్న కులానిది. అద్దె ఇల్లు ఇవ్వడానికి కులం అడిగే నగరంలో, బిడ్డను ఇంట్లోకి తీసుకునేటప్పుడు అడగరా? చట్టం ఫోస్టర్ కుటుంబపు సామర్థ్యం, ఉద్దేశం, అనుభవం చూడమంటుంది. కులం గురించి నిషేధాన్ని సూటిగా రాయాలి. హిందూ కోడ్ బిల్లులో పెళ్లి విషయంలోనూ దత్తత విషయంలోనూ కులపు అడ్డును తొలగించడం ఒక ముఖ్యాంశమని బాబాసాహెబ్ 1949లో రాజ్యాంగ సభలో వివరించారు. కులం రక్తంతో నడుస్తుందనే భ్రమను కొట్టాలంటే పెళ్లితో పాటు పెంపకాన్ని కూడా తాకాలని ఆయనకు తెలుసు. అదే సమయంలో దళిత, ఆదివాసీ బిడ్డ ఇల్లు మారినందుకు తన కుల ధ్రువపత్రాన్ని, దానితో వచ్చే హక్కుల్ని పోగొట్టుకోకూడదు. సంరక్షణ కేంద్రంలో చేర్చుకున్న రోజే బిడ్డ పుట్టుక వివరాలు, తల్లిదండ్రుల ధ్రువపత్రాలు సేకరించి భద్రపరచాలి. లేకపోతే 18 ఏళ్లకు ఆ యువతి గేటు బయట నిలబడేసరికి ఆమె చేతిలో ఇల్లూ ఉండదు, రిజర్వేషనూ ఉండదు. ఫోస్టర్ ఇంట్లో బిడ్డ చదువుకుంటోందా, అంట్లు తోముతోందా అన్నది కూడా ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. పెంచుకుంటామని తెచ్చి పనిమనిషిని చేసుకునే అలవాటు మన పట్టణాలకు పాతదే.

విదేశీ అనుభవం నుంచి నేర్చుకోవాల్సింది, జాగ్రత్త పడాల్సింది రెండూ ఉన్నాయి. అమెరికా ఫోస్టర్ కేర్‌ను ఆదర్శంగా చూపేవాళ్లు డొరొతీ రాబర్ట్స్‌ను చదవాలి. నల్లజాతి కుటుంబాల పేదరికాన్ని నిర్లక్ష్యంగా ముద్రవేసి పిల్లల్ని తీసుకుపోయే వ్యవస్థను ఆమె 2022లో వచ్చిన 'టార్న్ అపార్ట్'లో కుటుంబాల మీద పోలీసింగ్‌గా వర్ణించారు. ఆస్ట్రేలియా తన ఆదివాసీల పిల్లల్ని తరాల పాటు లాక్కున్నందుకు 2008లో పార్లమెంటులో క్షమాపణ చెప్పుకుంది. మరోవైపు అమెరికాలోనే 1978 నాటి చట్టం, మూలవాసీ బిడ్డను వేరు చేయాల్సి వస్తే ముందు బంధువులకు, తర్వాత తెగకు ప్రాధాన్యం ఇవ్వాలని చెబుతుంది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఫోస్టర్ కేర్‌కు పెట్టే ఫెడరల్ నిధుల్లో కొంత, బిడ్డ ఇల్లు దాటకముందే కుటుంబానికి ఇచ్చే సేవలకు వాడుకోవచ్చని 2018లో మరో చట్టం వచ్చింది. మనం ఆ దేశపు తప్పుల్ని మొదటి నుంచీ చేసుకుంటూ రావాల్సిన పనిలేదు. నేరుగా ఆ దిద్దుబాట్ల దగ్గరే మొదలుపెట్టవచ్చు.

ఇక్కడ ఒక అపార్థం తొలగించాలి. కుటుంబంలోనే పెరగాలంటే మరి హాస్టళ్లు వద్దా అని మిత్రులు అడుగుతారు. నేను సాంఘిక సంక్షేమ హాస్టల్ అన్నం తిని చదువుకున్నవాణ్ణి. బహిష్కృత హితకారిణి సభ తరఫున అంబేడ్కర్ 1925లో సోలాపూర్‌లో హాస్టల్ తెరిపించిన నాటి నుంచి హాస్టల్ మన విముక్తి చరిత్రలో భాగం. హాస్టల్ బిడ్డ పండక్కి ఇంటికి వెళ్తుంది, తల్లి ఆదివారం టిఫిన్ డబ్బాతో వస్తుంది, పేరు పక్కన తండ్రి పేరు ఉంటుంది. హాస్టల్ చదువు కోసం, కుటుంబం ఇష్టంతో, తిరిగివచ్చే దారి తెరిచి ఉంచుకుని చేరేది. ఆశ్రమంలో బిడ్డ చేరేది ఇంట్లో తిండి లేక. వలస కుటుంబాల పిల్లల కోసం గతంలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నడిచిన సీజనల్ హాస్టళ్లు నిజానికి మంచి కుటుంబ సహాయ సేవలు. తల్లిదండ్రులు వలస నుంచి వచ్చేదాకా బిడ్డ బడిలోనే ఉండి, వాళ్లు రాగానే ఇంటికి పోయేది. కావాల్సింది అలాంటివే.

'డబ్బిస్తే తండ్రి తాగేస్తాడు' అనే మాట ప్రతి చర్చలో వస్తుంది. ఈ అనుమానం పేదల మీదే వస్తుంది, పన్ను రాయితీ పొందే కుటుంబాల మీద రాదు. డబ్బు తల్లి లేదా బిడ్డ ఖాతాలో పడాలి, ఒక సామాజిక కార్యకర్త ఇంటికి వెళ్లి పలకరించాలి. దానికి పోలీసు చూపు అక్కర్లేదు. అయితే మన ఇళ్లన్నీ పిల్లలకు సురక్షితమని నేను అనను. లైంగిక హింస, విపరీతమైన కొట్టడం, బాల్యవివాహం ఉన్నచోట బిడ్డను వెంటనే బయటికి తేవాలి. కుల పీడితుల ఇల్లు కదా అని ఆ ఇంట్లోని పితృస్వామ్యాన్ని దాచిపెట్టడం ఆడపిల్లకు ద్రోహం. హింసను, పేదరికాన్ని వేర్వేరుగా గుర్తించగలిగిన వ్యవస్థ కావాలి. పేదరికాన్నే నేరంగా చూసే వ్యవస్థ నిజమైన హింస జరిగే ఇంటికి ఆలస్యంగా వెళ్తుంది.

మరి ఏం అడగాలి? బాలల సంక్షేమ కమిటీ ఇచ్చే ప్రతి ఆర్డరులో వేరు చేయడానికి కారణం ఏమిటో, ముందు కుటుంబానికి ఏ సాయం ఇచ్చి చూశారో రాయాలి. పేర్లు లేకుండా ఆ లెక్కల్ని కులం, తెగ, లింగం వారీగా ఏటా ప్రకటించాలి. స్పాన్సర్‌షిప్ ఆదాయ పరిమితిని కనీస వేతనంతో ముడిపెట్టాలి. భూమిలేని వలస కుటుంబాలను అర్హుల జాబితాలో పేరు పెట్టి చేర్చాలి. బిడ్డను పెంచుతున్న అవ్వలకు, అత్తలకు గ్రామ, వార్డు సచివాలయం లేదా పంచాయతీ స్థాయిలోనే దరఖాస్తు పూర్తయ్యేలా చూడాలి. ఫోస్టర్ కుటుంబాల ఎంపికలో కుల ప్రాధాన్యం అడగడాన్ని నిషేధించి, దళిత, ఆదివాసీ, బహుజన కుటుంబాలను ఫోస్టర్ తల్లిదండ్రులుగా ముందుకు తేవాలి. పని ప్రదేశాల్లో శిశు సంరక్షణ కేంద్రాలు కాగితాల మీద నుంచి బట్టీల దగ్గరికి రావాలి.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ అంబేడ్కర్, తల్లికి విశ్రాంతి ఇవ్వడం జాతి ప్రయోజనమని, ఆ భారాన్ని ఎక్కువగా ప్రభుత్వమే మోయాలని వాదించారు. బిడ్డను పెంచడం ఒక్క తల్లి మీద వేయాల్సిన బరువు కాదనే సూత్రం అందులో ఉంది. ఆ సూత్రాన్ని ప్రసవంతోనే ఆపేయకుండా పెంపకం దాకా తీసుకురావడం మన తరం పని.

విశ్వవిద్యాలయాల్లో ఉన్న మిత్రులకు నా విన్నపం. సోషల్ వర్క్ విద్యార్థులు ఫీల్డ్ వర్క్ పేరుతో ఆశ్రమాల్లో పండ్లు పంచి ఫొటోలు దిగడం చాలు, ఆ పిల్లల ఫైళ్లలో వేరు చేసిన కారణం ఏం రాశారో అధ్యయనం చేయండి. న్యాయశాస్త్ర విద్యార్థులు ఒక్కో అవ్వకు ఒక్కో స్పాన్సర్‌షిప్ దరఖాస్తు నింపి పెట్టండి. మీ జిల్లాలో నిరుడు స్పాన్సర్‌షిప్‌కు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, సంస్థలకు ఎంత పోయింది అని సమాచార హక్కు కింద అడగండి. ఆ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే మీ జిల్లా యంత్రాంగం తల్లిని నమ్ముతోందో, భవనాన్ని నమ్ముతోందో తెలిసిపోతుంది.

జై భీమ్.